తెగేదాకా లాగొద్దు

పాత పికప్ కొనేవాళ్లు ముందు టైర్లు చూస్తారు. తర్వాత తుప్పు, ఆ తర్వాత పొగ. టైమింగ్ బెల్టు గురించి అడిగేవాళ్లు తక్కువ. అది కవర్ వెనక దాక్కుని ఉంటుంది మరి.

కోల్‌కతా శివార్లలోని బడ్జ్ బడ్జ్‌లో మా బావకు ఆ సంగతి ఖరీదుగా తెలిసొచ్చింది. శ్రీకాకుళం వైపు నుంచి జనపనార మిల్లు పనికి వలస వెళ్లిన కుటుంబం వాళ్లది. మిల్లు మీద భరోసా లేక, మూడు చేతులు మారిన డీజిల్ పికప్ కొని కిరాయికి తిప్పుతున్నాడు. ఓ ఉదయం బట్టల మూటలతో తారాతలా వెళ్తుంటే బాటానగర్ దగ్గర ఇంజన్ ఠక్కున ఆగింది. ముందు ఓ కుదుపు లేదు, దగ్గు లేదు. సెల్ఫ్ కొడితే మామూలు కన్నా తేలిగ్గా, వేగంగా తిరుగుతోంది కానీ ఇంజన్ అందుకోవడం లేదు.

మెకానిక్ వచ్చి ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేశాడు. చుక్క డీజిల్ రాలేదు. ‘‘పంపు పోయింది దాదా’’ అన్నాడు. మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టారు. నలుగురు కలిసి తోశారు. చివరికి పంపు దించుదామని కవర్ విప్పితే లోపల బెల్టు తెగి పడి ఉంది.

పొరపాటు అర్థం చేసుకోదగిందే. పిస్టన్లను ఆడించే క్రాంక్ షాఫ్టుకూ, వాల్వులను తెరిచి మూసే కామ్ షాఫ్టుకూ మధ్య లంకె ఈ పళ్ల రబ్బరు పట్టీ. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే కామ్ ఒక చుట్టు తిరగాలి. చాలా డీజిల్ ఇంజన్లలో ఇంధన పంపును తిప్పేదీ ఇదే బెల్టు. అది తెగితే డీజిల్ కూడా రాదు. నేరం పంపు మీద పడుతుంది. ఈలోగా కామ్ ఆగిపోయి, క్రాంక్ మాత్రం తిరిగితే పిస్టన్లు పైకొచ్చి తెరిచి ఉన్న వాల్వులను గుద్దుతాయి. అందుకే నడుస్తున్న బండి ఉన్నట్టుండి ఆగి, సెల్ఫ్ తేలిగ్గా తిరుగుతుంటే మరోసారి తాళం తిప్పకండి, తోయించకండి. ముందు పై కవర్ తీసి బెల్టు చూడండి.

తెగకుండా ఒక పన్ను జారితే లక్షణాలు వేరు. స్టార్టింగ్ మొరాయిస్తుంది, లాగుడు తగ్గుతుంది, పొగ పెరుగుతుంది. కీచుమనే శబ్దం సాధారణంగా ఫ్యాన్ బెల్టుది. సన్నని రొద వస్తే టెన్షనర్ బేరింగును అనుమానించాలి. బెల్టు మాత్రం తెగేదాకా నోరు విప్పకపోవచ్చు.

బావకు బెల్టు గురించి తెలియక కాదు. కలకత్తా హైకోర్టు 2008లో ఇచ్చిన ఆదేశంతో, 2009 ఆగస్టు నుంచి ఆ మహానగర ప్రాంతంలో 15 ఏళ్లు దాటిన వాణిజ్య వాహనాలను రోడ్ల నుంచి తప్పించడం మొదలైంది. తన బండికి 13 ఏళ్లు. ‘‘రెండేళ్లలో తుక్కుకెళ్లేదానికి కొత్త బెల్టెందుకు బావా?’’ అని నన్నే అడిగాడు. నా దగ్గరా జవాబు లేకపోయింది. ఇప్పుడుంది. బెల్టు, టెన్షనర్ మార్చడం ఒక పూట పని. వాల్వులు వంగితే హెడ్ దించాలి. ఆయనకు తొమ్మిది రోజుల కిరాయి పోయింది, మూటల ఖాతాదారు ఇంకో బండి చూసుకున్నాడు.

మార్చేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. పాత బెల్టు మీద సుద్దతో గుర్తులు పెట్టి కొత్తదానికి దించుకోవడం షెడ్లలో అలవాటు. పాతది అప్పటికే ఒక పన్ను జారి ఉంటే తప్పు కూడా దిగుతుంది. పుల్లీల మీద కంపెనీ వేసిన గుర్తులే ప్రమాణం. ఆయిల్ సీలు కారుతుంటే ముందు దాన్ని మార్చాలి. నూనె తగిలిన రబ్బరు త్వరగా చెడుతుంది. బెల్టు ఎక్కించాక సెల్ఫ్ కొట్టకుండా, స్పానర్‌తో క్రాంకును చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి గుర్తులు మళ్లీ కలిశాయో లేదో చూడాలి. ఎక్కడైనా అడ్డు తగిలితే బలవంతం చేయకూడదు. తెగిన బండైతే కంప్రెషన్ పరీక్ష కూడా తప్పదు.

అన్ని పికప్‌లకూ బెల్టు ఉండదు. కొన్నింటికి గొలుసు, కొన్నింటికి గేర్లు. ఉంటే ఎన్ని కిలోమీటర్లకో, ఎన్నేళ్లకో మాన్యువల్‌లో రాసి ఉంటుంది. రెండింటిలో ఏది ముందొస్తే అదే గడువు, ఎందుకంటే నిలిపి ఉంచిన బండిలోనూ రబ్బరు ముసలిదవుతుంది. మీటరు కేబుల్ ఊడిన పాత బండిలో కిలోమీటర్ల లెక్కను నమ్మలేం. చరిత్ర తెలియకపోతే కొన్న వారంలోనే మార్చేయడం మేలు.

బావ ఇప్పుడు డ్రైవర్ తలుపు లోపలివైపు బెల్టు మార్చిన తేదీ పెయింటుతో రాసుకున్నాడు. రెండేళ్ల తర్వాత బండి తుక్కుకెళ్లినా, అప్పటిదాకా ఇంటికి బియ్యం తెచ్చేది అదేనంటాడు.