‘పిల్లలతో మమేకం’ సరే, చీపురు ఎవరి చేతిలో పెడుతున్నారు?

మన సంఘాల్లో టీచర్లు చాలామంది ఉన్నారు. శిక్షణ తరగతులకు వెళ్లొచ్చాక వాళ్లు చెప్పే మాట ఒక్కటే: పిల్లలతో మమేకం కావాలి. పేరు పెట్టి పిలవాలి, నవ్వుతూ క్లాసులోకి రావాలి, ఇంటి సంగతులు అడగాలి. మంచిదే. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు ఇది మరీ అవసరం. ఆ వయసులో జరిగిన అవమానాన్ని బిడ్డ మరిచిపోడు, ఇంట్లో చెప్పనూ చెప్పడు. కానీ ఆ శిక్షణలో కులం మాట ఎవరూ ఎత్తరు.

తమిళనాడులోని ధర్మపురినే తీసుకోండి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ రాష్ట్రంలో అక్షరాస్యత అన్నిటికంటే తక్కువ ఉన్న జిల్లా ఇదే, 68.5 శాతం. 2012 నవంబరు 7న నత్తం కాలనీలోనూ పక్కనున్న మరో రెండు కాలనీల్లోనూ రెండు వందలకు పైగా దళితుల ఇళ్లు తగలబడ్డది ఇక్కడే. ఒక దళిత యువకుడు, ఒక వన్నియర్ అమ్మాయి పెళ్లి చేసుకోవడమే నేరమైంది. కొన్నాళ్లకైనా ఇళ్లు కాలిన పిల్లలూ, తగలబెట్టినవాళ్ల పిల్లలూ మళ్లీ బడికి రావలసిందే కదా! అలాంటి క్లాసులో నిలబడిన మాస్టారికి ‘నవ్వుతూ రండి’ అన్న సలహా ఏం పనికొస్తుంది?

ఇందులో మన తెలుగువాళ్ల సంగతి వేరే ఉంది. తమిళనాడు పడమటి జిల్లాల అరుంధతీయుల్లో చాలామంది ఇంటి భాష తెలుగే. మన దగ్గర మాదిగల స్థానం అక్కడ వాళ్లది. పారిశుధ్య పనిలోకి తరతరాలుగా నెట్టబడినవాళ్లు. 2009లో ఆ రాష్ట్రం ఎస్సీ కోటాలో వాళ్లకు 3 శాతం విడిగా ఇచ్చింది; 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చెల్లుతుందని తేల్చింది. కాగితం మీద గెలిచారు. క్లాసులో మాత్రం సఫాయి కార్మికుడి కొడుకు నోట తెలుగు మాట దొర్లితే చాలు, వాడి కులం బయటపడిపోతుంది. అందుకే అమ్మ భాషను బడిగేటు దగ్గరే దాచేస్తాడు. న్యాయాధిపతులు 12లో ‘షిబ్బోలెతు’ పలకలేక చచ్చిన ఎఫ్రాయీమీయుల గురించి మనం ప్రసంగాలు చేస్తాం. ఈ బిడ్డ ఎవరికీ గుర్తురాడు.

హోసూరు ప్రాంతంలో (2004 దాకా అది ధర్మపురి జిల్లాలోదే) తెలుగు బడుల కోసం, 2006 నాటి తమిళ చట్టం మీద గొంతెత్తే భాషాభిమానులున్నారు. వాళ్ల డిమాండు న్యాయమైనదే. ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు అని రాజ్యాంగంలోని 350ఎ అధికరణమే చెబుతోంది. అయితే ఆ సభల్లో నాయుళ్ల తెలుగు, రెడ్ల తెలుగు వినిపించినట్టు అరుంధతీయుల తెలుగు వినిపించడం నేను చూడలేదు.

ఇక చీపురు సంగతి. 2022లో ఈరోడ్ జిల్లాలో దళిత పిల్లలతో మరుగుదొడ్లు కడిగించారన్న ఫిర్యాదుపై ఒక ప్రధానోపాధ్యాయురాలు అరెస్టయింది. 2025 జనవరిలో ధర్మపురి జిల్లాలోనే, పాలక్కోడు దగ్గర ఓ ప్రభుత్వ బడిలో ఆడపిల్లలు మరుగుదొడ్లు శుభ్రం చేస్తున్న వీడియో బయటికొచ్చింది. హెచ్చెమ్మును సస్పెండ్ చేశారు. ఈ టీచర్లకూ పిల్లల పేర్లు తెలిసే ఉంటాయి. పేరు పెట్టి పిలిచి మరీ చీపురు ఇవ్వొచ్చు!

నాంగునేరిలో 2023 ఆగస్టులో ఒక దళిత కుర్రవాడి ఇంటికి తోటి విద్యార్థులే వెళ్లి కొడవళ్లతో నరికారు. అతను బతికాడు. ఆ తర్వాత వేసిన జస్టిస్ చంద్రు కమిటీ 2024 జూన్‌లో నివేదిక ఇచ్చింది: కులం రంగు మణికట్టు దారాలు తీసేయాలి, బడుల పేర్లలో కులం ఉండకూడదు, ఆ ప్రాంతంలో బలమున్న కులంవాళ్లనే అక్కడ హెచ్చెమ్ములుగా వేయకూడదు. టీచరు కులం కూడా క్లాసులోకి వస్తుందని ఒక కమిటీ గట్టిగా ఒప్పుకుంది. మన క్రైస్తవ బడుల యాజమాన్యాలు ఆపాటి మాట ఎప్పుడంటాయో! ‘మా దగ్గర కులం లేదండీ, అందరం ప్రభువులో ఒక్కటే’ అనే జవాబు విని విని విసుగొచ్చింది. అలాగైతే మీ స్టాఫ్‌రూంలో ఎవరి టిఫిన్ ఎవరు తింటారో చూపించండి.

మంచి కాపరి గొర్రెలను పేరు పెట్టి పిలుస్తాడన్న యోహాను 10వ అధ్యాయం మన టీచర్లకు ఇష్టం. అదే అధ్యాయంలో తోడేలు కూడా ఉంది. దాన్ని చూసి పారిపోయేవాణ్ణి యేసు జీతగాడు అన్నాడు.

బీఈడీ చదువుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ప్రాక్టీస్ టీచింగ్‌కు వెళ్లినప్పుడు లెసన్ ప్లానుతో పాటు మూడు సంగతులు రాసుకోండి: ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారు, నీళ్లు ఎవరు పోస్తున్నారు, క్లాసు ఊడ్చే వంతు ఎవరికి పడుతోంది. అవి పట్టుకొని వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక సంఘంలోని టీచర్లను కూర్చోబెట్టండి. మీ బడిలో మరుగుదొడ్డి ఎవరు కడుగుతారని అడగండి. జవాబు రాకపోతే ఆ పై ఆదివారం మళ్లీ అడగండి.