ఇంటిలో కుందేలు కొరుకుచున్నదా?

గద్వాలనుండి ఒక సోదరి మాకు జాబు వ్రాసియున్నది. వారి ఇంటిలో గుంటమగ్గ మొకటి గలదు. పిల్లల ముచ్చట తీర్చుటకై కొన్న తెల్ల కుందేటికి ఇప్పటికి ఏడు నెలలు నిండినవట. అది మొదట తివాచి అంచును కొరికినది. పిదప ద్వారబంధపు మూలను, నులకమంచపు త్రాళ్ళను పట్టినది. అంతవరకు ఇంటిల్లిపాదియు నవ్వుకొనిరి. ఒక రాత్రి మగ్గము దరికి జేరి పట్టు పడుగు పోగులను కొరికివైచినది. దానిని పొలములో విడిచిరమ్మని మామగారు పట్టుపట్టుచున్నారు. పిల్లలు అన్నము మానినారు. ఏమి చేయుదునని ఆమె ప్రశ్న. వనపర్తినుండియు, నాగర్‌కర్నూలునుండియు ఇంచుమించుగ నిట్టి జాబులే వచ్చినవి గనుక అందరికి నొక్కచోటనే బదులు వ్రాయుచున్నాము.

గద్వాల చీర ఎట్టిదో చదువరులకు చెప్పనక్కరలేదు. నడుమ నేత నూలు, అంచును కొంగును పట్టు. గుంటమగ్గమునందు పడుగు నేలకు జేరువగనే సాగియుండును గాన, చిన్నజంతువు నోటికి అది సులభముగ నందును. తెగిన పోగుల నొక్కొక్కదానిని వెదకి అతుకవలెను; అంతవరకు నేత సాగదు, కూలి రాదు. కావున మామగారి కోపమును మేము తప్పుపట్టజాలము. అయితే కుందేలు దుష్టబుద్ధితో కొరికినదను మాట మాత్రము సరిగాదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని సాధించువారిని మనమేమియు చేయలేము గాని, తక్కినవారు దాని నోటిలోని సంగతి కొంచెము తెలిసికొనవలెను.

కుందేటికి ఇరువదియెనిమిది దంతములు గలవు. వానిలో నొక్కటియు మన దంతములవలె పెరుగుట మానదు. ముందుపళ్ళు ఏడాదికి నాలుగైదంగుళములకు తక్కువగాక పెరుగును. ఎంత పెరుగునో అంతయు అరుగుచుండవలెను. ముందుపళ్ళు ఒకదానితో నొకటి రాచుకొని అరుగును. దవడపళ్ళు మాత్రము గరుకైన గడ్డిని గంటలకొలది నమలుటచేతనే అరుగును. అరుగనిచో వాని అంచులు ములుకులై నాలుకను, బుగ్గలను కోయును. ఆహారము మ్రింగలేక ఆ ప్రాణి కృశించును. కొయ్యముక్క నొకదాని పడవైచిన చాలునని పలువురనుకొందురు. కొయ్య వినోదమునకు మంచిదే గాని గడ్డి చేయు పనిని అది చేయదు.

మా అనుభవములో కొరుకుడు ఎక్కువగనున్న యిండ్లలో ఆహారము తప్పుగనున్నది. చపాతి, బిస్కత్తు, అన్నము, గాజరగడ్డ పెట్టుదురు. కడుపు త్వరగ నిండును. నోటికి పని మిగులును. ఆ మిగిలిన పనియే తివాచిమీదికి పోవును. ఎండుగడ్డి కుందేటి యెదుట రేయింబవళ్ళు ఉండవలెను. దినమునకు కనీసము దాని శరీరమంత మోపు. ఎండిన గరిక మిక్కిలి శ్రేష్ఠము. పొలము గట్లమీద దొరకునదే. పురుగుమందు చల్లని చోటునుండి కోసి నీడలో నారబెట్టవలెను. వరిగడ్డి నమలుటకు, పరచుటకు పనికివచ్చును గాని దానియందు సత్తువ తక్కువ; అదియే ఆహారము కారాదు. మన వైపు పల్లికట్టె విస్తారముగ దొరకును, కుందేలు ప్రీతితో తినును. పెరిగిన కుందేటికి దానిని రుచికి మాత్రమే పెట్టవలెను. అందలి సున్నము మూత్రాశయమున పేరుకొనును. బూజు పట్టిన పల్లికట్టెను దగ్గరకు రానీయరాదు. ఆ విషమునకు కుందేలు త్వరగ లోబడును. లేత జొన్నపైరున నామున్నదని పశువులను తోలని రైతుబిడ్డకు దీనికి నా పైరు వేయరాదని వేరుగ చెప్పనేల? గాజరగడ్డ తీపి వస్తువు. వారమునకు రెండు మూడు చిన్నముక్కలు చాలును.

ఇక కొరుకుటకు దానికంటూ వస్తువులు కావలెను. జామకొమ్మలు, ఎండిన వెదురుముక్కలు, గడ్డి కూరిన అట్టపెట్టె ఇయ్యవచ్చును. గన్నేరు, ఉమ్మెత్త కొమ్మలు విషములు. గోనెసంచి, పాతగుడ్డ ఇయ్యకుడు. పీచు కడుపులో ఉండగట్టిన కుందేలు దానిని కక్కలేదు. దాని దేహనిర్మాణమే అట్టిది. తివాచి పీచునుగూర్చి మేము భయపడుట ఇందువలననే. వరంగల్లు జంబుఖానా చెడిన మరియొకటి కొనుక్కొనవచ్చును, పేగు మూసుకొనిన కుందేలు బ్రతుకుట కష్టము.

తివాచిని గోళ్ళతో గీకుటకు కారణము వేరు. ఈ సీమకుందేలు స్పెయిను, పోర్చుగల్లు దేశముల బొరియలలో బ్రతికిన జాతిది. త్రవ్వుట దాని కులవిద్య. వెడల్పైన పెట్టెలో నగలని కాగితపు ముక్కలును, మెత్తని మన్నును నింపి యొక మూల పెట్టుడు. ప్రక్కన పెద్ద మట్టికుండను అడ్డముగ పరుండబెట్టుడు; అది దానికి బొరియ యగును, పాలమూరు వేసవిలో చల్లదనమును గూడ నిచ్చును.

మీ వస్తువులను కాపాడుకొనుట పిమ్మటి పని, అందు మొదటిది విద్యుత్తు తీగలు. విద్యుత్తు తీగను కొరికిన కుందేలు క్షణములో ప్రాణము విడువవచ్చును, ఇంటికి నిప్పంటుకొనుట గూడ కలదు. తీగలను రెండడుగులకు మించిన యెత్తున గోడకు బిగింపుడు. క్రింద నుండక తప్పనివానిని గట్టి ప్లాస్టిక్కు గొట్టములో దూర్పుడు. ద్వారబంధపు మూలకు సన్నని రేకు కొట్టవచ్చును. తివాచి అంచుమీద బరువైన పీట యుంచవచ్చును, లేదా షాబాదు బండ నొకదానిని వేయవచ్చును. మగ్గపు గదికి మాత్రము ఉపాయములు పనికిరావు. తలుపు మూయవలెను, తలుపు లేనిచో రెండున్నర అడుగుల యెత్తు వెదురు తడిక కట్టి, సందులు రెండు వ్రేళ్ళకు మించకుండ చూడవలెను. రాత్రివేళ కుందేటిని దాని గూటిలోనే యుంచవలెను.

కారము పూయుదురట కొందరు. అది కుందేటి కన్నులలో పడును, తరువాత పసిపిల్లల చేతులకును అంటును. వేపనూనె పట్టుకు మరక చేయును. పైగా చేదాకులు తినుటకు కుందేలు జంకదు. కొట్టుటవలన అది భయపడి మంచము క్రింద దాగికొని అక్కడనే కొరుకును. కొరుకుచుండగా చూచిన చేతులు చరచి, మెల్లగ నెత్తి గడ్డి యొద్ద దింపుడు. చెవులు పట్టి యెత్తరాదు. ఎత్తునపుడు వెనుకభాగమును అరచేత నానించుకొనుడు. గింజుకొనునపుడు తన తన్నుకే దాని వెన్ను విరుగగలదు.

పొలములో విడుచుటనుగూర్చి. మన చెలకలలోను ఆమ్రాబాదు అడవులలోను తిరుగు చెవులపిల్లి వేరు జాతి. దాని పిల్లలు వెంట్రుకలతో కన్నులు తెరచియే పుట్టును. ఇది గ్రుడ్డిదిగ, నున్నగ పుట్టి బొరియలో పెరుగును. తెల్లని సీమకుందేటిని చెలకలో విడిచిన కుక్కకో గ్రద్దకో అప్పగించినట్లే. ఆ చెవులపిల్లిని పట్టి తెచ్చి యింట పెంచుటయు 1972 నాటి వన్యప్రాణి చట్టము ప్రకారము నేరము. సంతలో నెవరైన చూపిన కొనకుడు. మామగారికి పొలమున విడుచుటయే దయయని తోచినచో ఈ మాట చదివి వినిపింపవలయునని గద్వాల సోదరిని కోరుచున్నాము.

ఏడు నెలల వయస్సని ఆమె వ్రాసినది. నాలుగు నెలలు దాటినది మొదలు కుందేటికి యౌవనము వచ్చును. కొరుకుట, త్రవ్వుట అపుడే పెచ్చుపెరుగును. సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయించినచో ఇది చాలవరకు తగ్గును. ఆడుదైనచో మరియొక లాభము గలదు: నాలుగేండ్లు దాటిన ఆడుకుందేళ్ళకు గర్భాశయమున పుట్టు క్యాన్సరు బెడద తప్పును. కుందేళ్ళకు మత్తిచ్చుట యందు అలవాటుపడిన వైద్యునియొద్దకే పోవలెను. ముందుగ మీ ఊరి పశువైద్యశాలలో విచారింపుడు. అచ్చట కానిచో హైదరాబాదు రాజేంద్రనగరులోని పశువైద్య కళాశాలలో నడుగుడు.

నాగర్‌కర్నూలు సోదరి తన కుందేలు నాలుగు దినములనుండి కొరుకుట తానే మానినదని సంతోషముతో వ్రాసినది. గడ్డిగూడ మానినదా? గడ్డము తడిగనున్నదా? పెంట తగ్గినదా? పండ్రెండు గంటలు మేత ముట్టని కుందేలు ఆపదలో నున్నట్లే. మా జవాబు అచ్చగువరకు ఆగక ఆమె నేడే వైద్యునియొద్దకు పోవలయునని ప్రత్యేకముగ జాబు వ్రాసియున్నాము.