ఏడుగురు కూతుళ్ళ కథ

పోయిన ఆదివారం మా తెలుగు బడిలో ఏడు చేపల కథ చెబుతూ, రాజుగారి కొడుకుల్ని కూతుళ్ళుగా మార్చేశాను. వేటకెళ్ళారు, చేపలు తెచ్చారు. నా తెలివికి నేనే మురిసిపోతుంటే ఆరేళ్ళ పాప చెయ్యెత్తింది: "వాళ్ళ అన్నయ్యలేరి, టీచర్?"

"అన్నయ్యలు లేరు, అంతే!" అన్నాను కాస్త గట్టిగానే. పాప మూతి ముడుచుకుంది.

బ్రాన్విన్ డేవిస్ గుర్తొచ్చారు. ఆవిడ ఆస్ట్రేలియాలో బడి ఈడు రాని పిల్లలకి 'పేపర్ బ్యాగ్ ప్రిన్సెస్' చదివి వినిపించారు. అందులో రాకుమారి డ్రాగన్‌ని ఓడించి రాకుమారుణ్ణి విడిపిస్తుంది. నీ అవతారమేమిటని అతగాడు విసుక్కుంటే పెళ్ళే మానుకుంటుంది. చాలామంది పిల్లలు మాత్రం, ఆమె శుభ్రంగా తయారై అతన్నే చేసుకోవాల్సింది అన్నారట! ఆడ, మగ అనే తేడాని పిల్లలు భాషతోపాటే ఒంటబట్టించుకుంటారని, పాత్రలు మార్చినంత మాత్రాన అది పోదని 1989 నాటి పుస్తకంలో డేవిస్ వాదన. ఫ్రెంచి తత్వవేత్త ఫూకో వంటివారి పోస్ట్‌స్ట్రక్చరలిజం అందుకు ఆధారం.

ఇక్కడ ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో పనిచేసిన పాటీ లేథర్ 1991లో 'గెటింగ్ స్మార్ట్' రాశారు. స్త్రీవాద పాఠాలకి విద్యార్థులు ఎదురుతిరిగితే తప్పు వాళ్ళదేనా, నేర్పేవాళ్ళ పెత్తనానిది కాదా అని అడిగారు. చురక నాకే తగిలింది.

వచ్చే ఆదివారం కథ ఆ పాపే చెబుతుంది. అన్నయ్యలు వస్తే రానివ్వండి.