చెప్పిన తీర్పులు, తీరని తీర్పులు

గౌరవనీయ ప్రధాన న్యాయమూర్తి గారికి,
ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, నేలపాడు, అమరావతి.



సివిల్ కోర్టులో తీర్పు వచ్చిన రోజునే ఆ దావా పరిష్కారమైన కేసుల లెక్కలోకి వెళ్లిపోతుంది. గెలిచిన వాది మాత్రం కొన్నాళ్లకు మళ్లీ అదే వకీలు దగ్గరికి వచ్చి, ఈపీ వేయడానికి ఖర్చెంతవుతుందని అడుగుతాడు. ఈపీ అంటే డిక్రీ అమలు పిటిషన్. దానికి వేరే నంబరు, వేరే వాయిదాలు. ‘ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడు’ అన్న సామెత ఇక్కడ సరిగ్గా సరిపోతుంది.

తీర్పు అన్న మాటకు మూలం ‘తీరు’ అనే క్రియ. అప్పు తీరడం, దాహం తీరడం, మొక్కు తీరడం: ఎక్కడ వాడినా, ఇక మిగిలిందేమీ లేదనే అర్థం. పనులన్నీ అయ్యాక దొరికేది తీరిక. తీరేట్టు చేయడం తీర్చడం. మార్చు నుంచి మార్పు, కూర్చు నుంచి కూర్పు వచ్చినట్టే తీర్చు నుంచి తీర్పు వచ్చింది. తగవు తీర్చేవాడు తీర్పరి. కన్నడంలోనూ ఇది తీర్పే, తమిళంలో తీర్ప్పు. సంస్కృతం నుంచి తెచ్చుకున్నది కాదు, అచ్చమైన ద్రావిడ పదం.

ఇంగ్లీషువాళ్ల జడ్జిమెంటు లాటిన్ నుంచి వచ్చింది. దాని లోపలి అర్థం న్యాయాన్ని పలకడం. హిందీ, ఉర్దూల్లోని ఫైస్లాకు అరబ్బీ మూలంలో ఉన్నది వేరుచేయడం. నోటితో చెప్పేస్తే జడ్జిమెంటు పూర్తవుతుంది. తీర్పు అంత తేలిగ్గా లొంగదు: బాకీ చేతికి రానిదే, ఇల్లు ఖాళీ కానిదే తెలుగువాడికి ఏదీ తీరినట్టు కాదు. తెలుగు బైబిల్లో ఇప్పటికీ ‘తీర్పు తీర్చడమే’ ఉంది. పత్రికల్లో కోర్టులు తీర్పు ‘చెబుతాయి’, ‘వెలువరిస్తాయి’. ఒకప్పుడు ఊరి పెద్దలు తగవు తీర్చేవారు. (అదేదో బంగారు కాలమని నేననను. కులం చూసి, బలం చూసి తీర్చిన తగవులకు లెక్కలేదు.)

మాట పుట్టుక చట్టాన్ని శాసించదు, నిజమే. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం జడ్జిమెంటు అంటే డిక్రీకి గానీ ఉత్తర్వుకు గానీ జడ్జి చెప్పే కారణాలు. హక్కులను ఖరారు చేసేది డిక్రీ. దాన్ని అమలు చేయించుకోవడానికి సాధారణంగా 12 ఏళ్ల గడువుంది. కక్షిదారుడికి ఇవన్నీ కలిపి ఒకటే మాట, తీర్పు. అది వినగానే అంతా అయిపోయిందనుకుంటాడు పాపం.

కష్టం కొత్తది కాదు. డిక్రీ చేతికొచ్చాకే కక్షిదారుడి ఇబ్బందులు మొదలవుతాయని 1872లో దర్భంగా రాజ్ కేసులోనే నాటి అత్యున్నత అప్పీలు కోర్టు ప్రివీ కౌన్సిల్ గుర్తించింది. ఈపీలను ఆరు నెలల్లో ముగించాలని సుప్రీంకోర్టు 2021లో ఆదేశించింది. 2025లో హైకోర్టుల నుంచి లెక్కలు తెప్పిస్తే, దేశమంతటా 8.8 లక్షలకు పైగా ఈపీలు పెండింగులో ఉన్నట్టు తేలింది. వీటిలో ప్రతి ఈపీ వెనకా, పరిష్కారమైందని మనం రాసేసుకున్న కేసు ఒకటుంది.

కొత్త చట్టమేదీ అడగడం లేదు. దావా నంబరు కొట్టి చూసినప్పుడు పరిష్కారమైనట్టు చూపించే చోటే దాని ఈపీ నంబరు, తర్వాతి వాయిదా, డిక్రీ అమలైందో లేదో కూడా కనిపించేలా చేయించండి. జిల్లా కోర్టుల నెలవారీ లెక్కల్లో తీర్పు చెప్పినవాటికి ఒక గడి, తీరినవాటికి ఇంకో గడి పెట్టించండి. పైకోర్టు స్టేలో ఆగినవాటిని విడిగా చూపితే, ఆ ఆలస్యం కింది కోర్టు నెత్తిన పడదు. హక్కు ప్రకటనతోనే సరిపోయే డిక్రీలకు ఈపీ అక్కర్లేదు గనుక, అవి మొదటిరోజే రెండో గడిలోకి చేరిపోతాయి.

ఇట్లు,
ఒక తెలుగు పాఠకుడు