‘రాష్ట్రం’లో ఒత్తులు ఎవరు కోశారు?

బెంగళూరు, చెన్నై, పుణె సాఫ్ట్‌వేరు కంపెనీల్లో రెండు మూడేళ్లుగా పని తీరే మారిపోయింది. ఇదివరకు ఒక యాప్‌కు కొత్త స్క్రీను కావాలంటే డిజైనరు బొమ్మ గీసేవాడు, ప్రోగ్రామరు దాన్ని చూసి కోడు రాసేవాడు, ఇద్దరూ నాలుగుసార్లు వాదులాడుకునేవాళ్లు. వారం పది రోజులు పట్టేది. ఇప్పుడు ఏఐ అసిస్టెంటుకు నాలుగు వాక్యాలు చెబితే టీ తాగి వచ్చేలోపు స్క్రీను తయారు. దరఖాస్తు ఫారమైనా, కరెంటు బిల్లు కట్టే పేజీ అయినా అంతే.

అలా తయారైన ఫారాన్ని తెలుగులోకి మార్చి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. చిరునామా గడుల్లో ‘రాష్ట్రం’ అని ఉండాల్సిన చోట ‘రాషం’ అని కనబడుతుంది. కింద ఉండాల్సిన టవత్తు, రవత్తు రెండూ తెగిపోయి ఉంటాయి. ఇంగ్లీషు అక్షరానికి సరిపడా ఎత్తు పెట్టి, దాన్ని దాటినదంతా దాచెయ్యమని కోడులో రాస్తే జరిగేది అదే. ‘లక్ష్మి’కి మవత్తు పోతుంది. ‘సమర్పించండి’ బటన్‌లో ఇమడక ‘సమర్పిం...’ దగ్గర ఆగిపోతుంది.

మీది ఏ రాష్ట్రం అంటే ఒక మాట, మీది ఏ భాష అంటే ఇంకో మాట చెప్పుకోవాల్సిన సరిహద్దు తెలుగువాళ్లకు సరిగ్గా ఆ గడే తెగి కనబడడం విచిత్రమే. అయితే ఇది నవ్వి ఊరుకునే వ్యవహారం కాదు. ఎందుకంటే ఆ తప్పు ఒక్క స్క్రీనుతో ఆగదు.

షోలాపూర్‌లో దుప్పట్లు నేసే పద్మశాలి కుటుంబాలకు ఈ మాట చప్పున అర్థమవుతుంది. జకార్డు మగ్గం మీద డిజైను అంతా చిల్లులు కొట్టిన అట్టల్లో ఉంటుంది. ఒక అట్టలో చిల్లు తప్పుగా పడిందంటే ఆ తప్పు ఒక్క దుప్పటితో పోదు. ఆ అట్టలతో నేసిన ప్రతి దుప్పటిలోనూ అదే చోట వచ్చి కూర్చుంటుంది. సాఫ్ట్‌వేరులో డిజైన్ సిస్టమ్ అనేది ఈ అట్టల కట్టలాంటిదే. కంపెనీ వాడే రంగులు, అక్షరాల సైజులు, ఖాళీ దూరాలు అన్నిటికీ పేర్లు పెట్టి ఒకచోట రాస్తారు. వీటిని టోకెన్లు అంటారు. వాటితో బటన్, గడి, జాబితా, హెచ్చరిక వంటి కాంపోనెంట్లు ఒక్కసారి తయారు చేసి పెడతారు. ఆ తరవాత ఏ స్క్రీను కావాలన్నా వాటినే కూర్చుకుంటారు. గూగుల్ 2014లో ప్రకటించిన మెటీరియల్ డిజైన్, బ్రిటిష్ ప్రభుత్వం 2018లో తెచ్చిన డిజైన్ సిస్టమ్ ఈ కోవలోవే.

ఏఐ అసిస్టెంటు వచ్చాక ఈ కట్ట విలువ మరీ పెరిగింది. ఇది లేకుండా అసిస్టెంటును పనిలో పెడితే ఏమవుతుందో చేసినవాళ్లకు తెలుసు. పొద్దున రుణం దరఖాస్తు పేజీ అడిగితే నీలి రంగు బటన్ ఇస్తుంది. మధ్యాహ్నం వాయిదా కట్టే పేజీ అడిగితే ఇంకో నీలం, మూలల గుండ్రం వేరు, అక్షరం ఒక పిసరు చిన్నది. ఇరవై పేజీలయ్యేసరికి అరడజను నీలాలు పోగవుతాయి. ఒక్కొక్కటీ విడిగా చూస్తే ముచ్చటగానే ఉంటుంది, పక్కపక్కన పెడితే ఒకే ఇంటి పిల్లలని ఎవరూ అనరు. అసిస్టెంటును తిట్టి లాభం లేదు. ఆ కంపెనీ బటన్ ఎలా ఉంటుందో దానికి ఎవరూ చూపించలేదు, అది లోకంలో చూసిన లక్ష బటన్ల సగటును తెచ్చి ఇచ్చింది.

చూపిస్తే మాత్రం చక్కగా చేస్తుంది. ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబరులో ఎంసీపీ అనే పద్ధతిని బయటపెట్టింది. ఏఐ నేరుగా ఇతర పనిముట్లతో మాట్లాడుకునే దారి అది. డిజైనర్లు వాడే ఫిగ్మా 2025 జూన్‌లో ఆ పద్ధతిలో తన సర్వరును పరీక్షకు విడుదల చేసింది. దాంతో అసిస్టెంటు బొమ్మ చూసి రంగు ఊహించాల్సిన పని తప్పింది, ఏ కాంపోనెంటు, ఏ టోకెన్ అన్నది పేరుతో సహా చదువుకుంటోంది. పని తెలిసినవాళ్లు దానికి ఒక నియమాల ఫైలు కూడా ఇస్తారు. ఉన్న బటన్‌నే వాడు, కొత్తది పుట్టించకు. రంగు సంఖ్య నేరుగా రాయకు, టోకెన్ పేరు రాయి. సరిపోయే కాంపోనెంటు లేకపోతే ఆగి అడుగు. ఇలాంటివే. ఫైలు నూరు పేజీలైతే మాత్రం పెళ్లిలో పురోహితుడి మంత్రాల్లా వినీ విననట్టు దాటేస్తుంది. చిన్న ఫైలు, దానికి తోడు బాగా చేసిన ఒక మచ్చు స్క్రీను ఉంటే ఎక్కువ పనిచేస్తుంది. అన్నిటికన్నా గట్టిది, నియమం తప్పిన కోడును యంత్రమే పట్టుకుని వెనక్కి కొట్టే తనిఖీ. చెప్పడం కన్నా ఆపడం మేలు.

ఇంతవరకూ కంపెనీలు బాగానే నేర్చుకున్నాయి. చిక్కల్లా ఆ కట్టలో తెలుగు లేకపోవడం దగ్గరే వస్తోంది. ఒకప్పుడు ప్రోగ్రామరు ఒక్కో స్క్రీను చేత్తో చేసేవాడు కాబట్టి ఒకచోట తప్పినా ఇంకోచోట సరిగ్గా పడేది. అసిస్టెంటు అలా కాదు. ఇచ్చిన బటన్ ఎత్తు తెలుగుకు చాలకపోతే, చాలని ఆ ఎత్తునే నూటికి నూరు స్క్రీన్లలో నమ్మకంగా దింపుతుంది. ఒకే తీరుగా ఉండాలన్న కోరిక నెరవేరినట్టే, ఒకే తీరుగా ఒత్తులు తెగుతాయి.

ఇది ఎవరికీ తెలియని రహస్యమేమీ కాదు. మెటీరియల్ డిజైన్ మార్గదర్శకాల్లోనే లిపులను మూడు రకాలుగా విడదీసి, వరుసకు ఎక్కువ ఎత్తు కావలసిన వాటిలో అరబిక్, హిందీ, థాయ్‌లతో పాటు తెలుగును పేరుపెట్టి చెప్పారు. చదువరి వరుసల ఎత్తును అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లు పెంచుకున్నా ఏ మాటా తెగకూడదని 2018లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.1 ప్రమాణం చెబుతోంది. ఇక తెలుగు అక్షరాన్ని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. ‘జ్ఞా’ అన్న ఒక్క అక్షరం మెసేజిలో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ అదే నెలలో 11.2.6 అనే దిద్దుబాటు విడుదల చేయాల్సి వచ్చింది. అంతటి కంపెనీకే తప్పలేదు.

ఒత్తుల తరవాత పేర్ల సంగతి చూడండి. ఫొటో పెట్టని వాళ్లకు గుండ్రటి బొమ్మలో పేరు మొదటి అక్షరం చూపించే కాంపోనెంటు దాదాపు ప్రతి యాప్‌లో ఉంది. ‘శ్రీనివాసులు’ అని రాస్తే అందులో ‘శ’ వచ్చి కూర్చుంటుంది. ఎందుకంటే కంప్యూటరు లెక్కలో ‘శ్రీ’ ఒకటి కాదు, నాలుగు సంకేతాలు. శకారం, పొల్లు, రకారం, దీర్ఘం. మొదటిది కోసుకొచ్చి చూపిస్తుంది. మనిషి చదివే అక్షరాన్ని అక్షరంగా విడగొట్టే పద్ధతి ఉంది, 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 తెలుగు సంయుక్తాక్షరాలకు ఆ నియమాన్ని చేర్చింది కూడా. కానీ వాడమని చెప్పాలి కదా. చెప్పకపోతే అసిస్టెంటు ఇంగ్లీషు పేర్లకు పనికొచ్చే కోడే రాస్తుంది. పేరుకు ఇన్ని అక్షరాలే అని హద్దు పెట్టిన గడుల్లోనూ ఇదే గొడవ. ‘శ్రీనివాసులు’ చదివేవాళ్లకు అయిదక్షరాలు, గడికి పన్నెండు.

ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గడులు పెట్టి రెండోది తప్పనిసరి చేయడం ఇంకో తలనొప్పి. సరిహద్దు కుటుంబాల్లో ఒకే తాత మనవలు బళ్ళారిలో ఇంటిపేరు ముందు పెట్టి రాస్తారు, హోసూరులో తండ్రి పేరు ఇనీషియల్‌తో సరిపెట్టుకుంటారు, షోలాపూర్‌లో మరాఠీ అలవాటు ప్రకారం తన పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు వరసగా రాస్తారు. ఇందులో లాస్ట్ నేమ్ ఏది? గడి ఎర్రబడుతుంటే ఏదో ఒకటి కొట్టేస్తారు. తరవాత ఆధార్‌తో పేరు కలవలేదని ఆఫీసుల చుట్టూ తిరిగేది వాళ్లే. అన్ని రకాల పేర్లకూ ఒకే గడి నయమని బ్రిటిష్ ప్రభుత్వ డిజైన్ సిస్టమ్ సలహా ఇస్తోంది. అక్కడివాళ్లకు తట్టింది ఇక్కడ తట్టకపోవడానికి కారణం కనబడదు.

మర్యాద సంగతి మరీ సున్నితం. ఇంగ్లీషులో ‘యూ’ ఒక్కటే. అసిస్టెంటు తెలుగు రాసేటప్పుడు ఒక స్క్రీనులో ‘మీ ఖాతా’ అంటుంది, తరవాతి స్క్రీనులో ‘నీ పాస్‌వర్డ్ మార్చు’ అంటుంది. జయపురంలోనో రాయగడలోనో పెన్షను వివరాలు చూసుకుంటున్న డెబ్భయ్యేళ్ల పెద్దమనిషిని ఫోను ‘నువ్వు’ అనడం ఏం పద్ధతి? సబ్మిట్‌కు ఒకచోట ‘సమర్పించు’, ఇంకోచోట ‘దాఖలు చేయండి’, మరోచోట ‘పంపు’. రంగులకు టోకెన్లు పెట్టినట్టే మాటలకూ పెట్టుకోవాలి. ‘పంపండి’ అని ఒక్కసారి తేల్చి జాబితాలో రాసి పెడితే అసిస్టెంటు అన్నిచోట్లా అదే రాస్తుంది. ఆ క్రమశిక్షణ దానికి నిజంగానే ఉంది, ఉపయోగించుకునేవాళ్లు కావాలి.

ముందు ఇంగ్లీషులో కానిచ్చి, తెలుగు తరవాత చూద్దామనేది ఆఫీసుల్లో మామూలుగా వినబడే జవాబు. కాంపోనెంట్లు ఒకసారి గట్టిపడ్డాక, వాటి మీద నూరు స్క్రీన్లు నిలిచాక, బటన్ ఎత్తు మార్చడమంటే ఇల్లు కట్టాక పునాది లోతు పెంచడమే. పరభాషతో పరీక్షించాం కదా అనడమూ చాలదు. తమిళంలో తెలుగులా కింద వేలాడే ఒత్తులు లేవు. అక్కడ ఎత్తు సరిపోయిందని మురిసిపోయిన బటన్ తెలుగులో తెగుతుంది. కన్నడతో పరీక్షిస్తే చాలావరకు దొరికిపోతుంది. ‘రాష్ట్ర’ మాట అక్కడా అదే, ఒత్తులూ అవే. ఒడియాలోనూ సంయుక్తాక్షరాలు కిందికి పేర్చి ఉంటాయి. అందుకే ఇందులో ఏ భాషతోనూ పోటీ లేదు. బెంగళూరు ఆఫీసులో తెలుగు అమ్మాయి దిద్దిన బటన్ కన్నడ సహోద్యోగికి కూడా పనికొస్తుంది.

సరిహద్దులో తెలుగు స్క్రీను చదివేదెవరు అని ఇంకో ప్రశ్న. ఇందులో కొంత నిజం ఉంది, దాచుకుని ప్రయోజనం లేదు. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్లు తమిళనాడులో 42 లక్షల పైమాటే, కర్ణాటకలో 35 లక్షల పైమాట, మహారాష్ట్రలో 13 లక్షల పైమాట. అయినా వీరిలో పిల్లలు చాలామందికి మాట వచ్చు, చదవడం రాదు. తమిళనాడులో 2006 నాటి చట్టంతో తమిళం తప్పనిసరయ్యాక అది మరింత పెరిగింది. చదవగలిగినవాళ్లు ఎక్కువగా పెద్ద వయసువాళ్లే. వాళ్లు ఒకసారి తెలుగు నొక్కి చూస్తారు. ఒత్తులు తెగి, బటన్ సగం మాయమై, ‘నువ్వు’ అని పిలిపించుకుని విసుగెత్తి మనవణ్ని పిలుస్తారు. మనవడు భాషను ఇంగ్లీషుకు మార్చి ఇస్తాడు. కంపెనీ లెక్కల్లో తెలుగు వాడేవాళ్లు తగ్గారని పడుతుంది. తరవాతి సంవత్సరం ఖర్చు తగ్గించుకునేటప్పుడు జాబితాలోంచి తెలుగే పోతుంది. బడి మూతపడితే కనీసం ఊళ్లో పదిమందికి తెలుస్తుంది, ఫోనులో భాష ఎగిరిపోతే చెప్పేవాడుండడు.

దీనికి కావలసిన పని పెద్దదేమీ కాదు. తెలుగుకు వేరే వరుస ఎత్తు టోకెన్ పెట్టాలి. బటన్లకు, గడులకు బిగించిన ఎత్తు కాకుండా, కనీసం ఇంత అని రాసి లోపలి మాటను బట్టి పెరగనివ్వాలి. ఇంగ్లీషు ఫాంటుతో ఊరుకోకుండా తెలుగు ఫాంటు పేరు కూడా రాయాలి. లేకపోతే ఇంటర్ వంటి ఫాంటులో తెలుగు లేదు కాబట్టి ఒక ఫోనులో ఒక రూపం, ఇంకో ఫోనులో ఇంకో రూపం వస్తుంది. మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు వంటివి ఉచితంగానే దొరుకుతున్నాయి. ప్రతి కాంపోనెంటునూ రాష్ట్రం, లక్ష్మి, స్త్రీ, శ్రీనివాసులు, జ్ఞానేశ్వరి, సమర్పించండి అన్న ఆరు మాటలతో ఫొటో తీయించి సరిపోల్చమని అసిస్టెంటుకే చెప్పవచ్చు. తెగితే విడుదల ఆపమనీ చెప్పవచ్చు. తెలుగు చదవగలిగిన ఒక మనిషి మాత్రం చివర్లో కళ్లతో చూడాలి. ఆ మనిషి కోలారు నుంచో, హోసూరు నుంచో వచ్చి పక్క కుర్చీలోనే కూర్చుని ఉండవచ్చు. అడిగేవాళ్లు లేకా, తనంతట తాను చెబితే బాగుండదేమోనన్న మొహమాటంతోనూ ఊరుకుని ఉండవచ్చు.

ప్రభుత్వాలూ ఈ దారిలోకే వస్తున్నాయి. తన వెబ్‌సైట్లన్నీ ఒకే తీరుగా ఉండాలని కేంద్రం 2025 ఫిబ్రవరిలో డిజిటల్ బ్రాండ్ ఐడెంటిటీ మాన్యువల్ తెచ్చింది. రాష్ట్రాల పోర్టళ్లు, మునిసిపాలిటీల యాప్‌లు తయారు చేసే కాంట్రాక్టర్లు కూడా ఇకమీదట ఏఐతోనే స్క్రీన్లు నేస్తారు. భాషా అల్పసంఖ్యాకుల లెక్కన తెలుగు సంఘాలు ఏటా కలెక్టర్లకు వినతిపత్రాలు ఇస్తూనే ఉన్నాయి. వాటిలో పాఠ్యపుస్తకాలు రాలేదని, టీచరు పోస్టులు ఖాళీగా ఉన్నాయని రాస్తారు. ఆ కింద ఇంకో వాక్యం రాయవచ్చు, జిల్లాలో పదిమంది మాట్లాడే ప్రతి భాషలోనూ ఫారం తెగకుండా కనబడుతోందని చూపించాకే కాంట్రాక్టరు బిల్లు పాసు చేయాలని.