చాకు, సానరాయి

పోయిన వేసవిలో పుస్తకాల పార్సిలు ఒకటి వచ్చింది. ఆత్రం ఆపుకోలేక, సంతలో కొన్న మడతచాకు తీసి, దళసరి అట్టలో మొన గుచ్చి నెట్టాను. మొన దిగలేదు. అలుగే పిడిలోకి మడతపడి చూపుడువేలిని కోసింది. మూడు కుట్లు పడ్డాయి. “చవక చాకు, అంతే మరి” అని ఇంట్లో అందరూ తీర్పు చెప్పేశారు. వేలు మానేలోగా ఆలోచించుకోగా, ఆ తీర్పు సరికాదని నాకు తోచింది. తప్పు ధరది కాదు. ఎంచుకోవడంలోనూ నాదే, సానపట్టకపోవడంలోనూ నాదే.

చాకు అన్న మాట పారసీకం నుండి మనకు వచ్చిన చుట్టం. వస్తువు మాత్రం అక్షరానికి పాత నేస్తమే. ఒక కొసన గంటం, రెండవ కొసన తాటాకు అంచులు చెక్కే అలుగు గల పనిముట్లు మ్యూజియాలలో నేటికీ ఉన్నాయి. ఆంగ్లంలోని పెన్‌నైఫ్ అన్న మాట కూడా ఈకకలాన్ని చెక్కుకొనే పని నుండి పుట్టినదే. కనుక తెలుగు పంతులు చాకును గురించి వ్రాయడం అనధికార ప్రసంగం కాదని మనవి.

నా అభిప్రాయంలో చూడవలసినవి మూడే. మొదటిది గడియ, అనగా తెరచిన అలుగును కదలనీయక పట్టి ఉంచే ఏర్పాటు. ఫ్రాన్సులోని సవోయ్ ప్రాంతంలో 1890లో జోసెఫ్ ఒపినెల్ రూపొందించిన కర్రపిడి చాకుకు 1955లో చేర్చినది ఒక తిరిగే లోహపు కట్టు మాత్రమే. అంత సులువైన ఏర్పాటు నా వేలిని కాపాడి ఉండేది. జేబులో ఇమిడే స్విస్ చాకులలో చాలావాటికి ఈ గడియ ఉండదు. అవి మంచివే అయినా, వాటితో పొడిచే పని పెట్టుకోరాదు.

రెండవది ఉక్కు. కార్బన్ ఉక్కు సులువుగా పదునెక్కుతుంది కానీ, మామిడికాయ, నిమ్మకాయ పులుపు తగిలితే నల్లబడుతుంది, తడి ఆరకుంటే తుప్పు పడుతుంది. మన కోస్తా ఉక్కపోతకు స్టెయిన్‌లెస్సే మేలు. మూడవది కీలు. దుకాణంలోనే తెరచి, అలుగును అటూ ఇటూ కదిపి చూడండి. ఊగితే తిరిగి ఇచ్చేయండి. పొడవు 7, 8 సెంటీమీటర్లుంటే పండ్లకూ, పురికొసకూ, పెన్సిలుకూ చాలు.

ఇవి సరిపోయాక మిగిలిన డబ్బు చాకు మీద కాక సానరాయి మీద పెట్టండి. ఒకవైపు గరుకు, ఒకవైపు నునుపు ఉన్న రాయి ఇనుపసామాన్ల దుకాణంలో దొరుకుతుంది. ఇంచుమించు 20 డిగ్రీల వాలులో, తొందరపడక రుద్దాలి. మొద్దుబారిన చాకును బలంతో నెట్టవలసి వస్తుంది. ఆ బలమే అదుపు తప్పి చేతిని కోస్తుంది. ఎంత ఖరీదైన చాకైనా వాదర పోతే నా సంతచాకుతో సమానమే.

ఇప్పుడు గడియ ఉన్నదొకటి కొన్నాను. పాతదాన్ని పారవేయలేదు. పదును పెట్టి బల్ల సొరుగులో ఉంచాను, పెన్సిళ్ళు చెక్కడానికి మాత్రమే. విమానమెక్కేటప్పుడు మాత్రం ఏ చాకునూ చేతిసంచిలో ఉంచుకోరాదన్నది మరువకండి.

మీ సొరుగులోని చాకును చివరిసారి ఎప్పుడు సానపట్టారో ఒకసారి గుర్తు చేసుకొంటారా?