ఆ దడ మన బలహీనత కాదు

'నీ ర్యాంకెంత?' కొత్తగా హాస్టల్లో చేరిన మన పిల్లలకు ఎదురయ్యే మొదటి ప్రశ్నల్లో ఇదొకటి. చాలాసార్లు అడిగేవాడికి కావాల్సింది ర్యాంకు కాదు, కులం. గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమట పడతాయి. ఆ తర్వాత మెస్‌లో, క్లాసులో, వైవాలో అదే దడ. దాన్ని ఆత్మవిశ్వాసం లేకపోవడం అంటారు. మనం ఒప్పుకోవద్దు.

ప్రమాదం ఎదురైతే శరీరం పారిపోవడానికో, పోరాడటానికో సిద్ధమవుతుంది. ప్రమాదం దాటాక సద్దుమణుగుతుంది. అవమానం రోజూ ఎదురయ్యేవాళ్లకు ఆ వ్యవధి దొరకదు. నిద్ర పట్టదు, చదివింది తలకెక్కదు, చిన్న అలికిడికే ఉలిక్కిపడతారు.

ఈ గాయం ఒక్క తరంతో ఆగదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. ప్రత్యేక కోర్టు తీర్పు 2007లో వచ్చింది. 2014లో హైకోర్టు శిక్ష పడినవాళ్లను నిర్దోషులుగా వదిలేసింది. సాక్షిగా బోనెక్కడమంటే ఆ రోజును మళ్లీ చూడటమే. అంతా అయ్యాక న్యాయం దక్కకపోతే ఆ గాయం ఎలా మానుతుంది?

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేములతో సహా ఐదుగురు పరిశోధక విద్యార్థుల్ని హాస్టల్ నుంచి వెళ్లగొట్టారు. వాళ్లు ఆరుబయట గుడారం వేసుకుని దానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు. 2016 జనవరి 17న రోహిత్‌ను పోగొట్టుకున్నాం. వెలి ఎత్తేయకుండా కౌన్సెలింగ్ ఒక్కటే ఇస్తే ఎవరికి ఊరట?

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న మార్గదర్శకాలిచ్చింది. వంద మంది, ఆపైన విద్యార్థులున్న సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలి. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులతో సున్నితంగా, వివక్ష లేకుండా మెలగడంలో సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి. మన కాలేజీలో ఇవి అమలవుతున్నాయా? ఆ కౌన్సెలర్‌కు కులం ఏం చేస్తుందో తెలుసా? విద్యార్థి సంఘాలుగా ఈ రెండూ రాతపూర్వకంగా అడుగుదాం.

ఈలోగా మనల్ని మనం కాపాడుకోవాలి. దడ మొదలైతే పాదాలు నేలకు ఆనించి, ఊపిరి నెమ్మదిగా వదులుదాం. ఒంటరిగా గదిలో ఉండిపోకుండా నమ్మినవాళ్లకు చెబుదాం. రోజులు గడిచినా తగ్గకపోతే డాక్టర్‌ను కలుద్దాం. టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు.

కార్యకర్తలుగా మనం మార్చుకోవాల్సిందీ ఉంది. నిజనిర్ధారణకు వెళ్లిన ప్రతి బృందం, ప్రతి మైకు బాధితురాలి చేత అదే కథ మళ్లీ చెప్పించకూడదు. ఒకసారి శ్రద్ధగా విని రాసుకుని, ఆమె ఒప్పుకుంటే దాన్నే అందరం వాడుకుందాం. వైద్యం చేయించుకుంటే పోరాటం వదిలేసినట్టు కాదు. రేపటి వాయిదాకు, ఎల్లుండి ధర్నాకు మనుషులు మిగిలి ఉండాలి కదా.